చంకలో నోటు పుస్తకం, చేతిలో చీటీ: రామానుజన్ పరిచయాల కథ

మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా ఉంటున్నది ఇంగ్లండులో, రెడింగ్‌లో. బీఎస్సీ అయ్యాక హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబులో రెండేళ్లు పనిచేశాను. ఆ తర్వాత పెళ్లి, వీసా, ఇద్దరు పిల్లలు. ఫారాల్లో గృహిణి అని రాసుకోవడం అలవాటైపోయింది. పోయిన సెప్టెంబరులో చిన్నది కూడా బడికి వెళ్లడం మొదలుపెట్టాక, మళ్లీ ల్యాబులో అడుగుపెట్టాలన్న కోరిక పుట్టింది.

ఎవరిని అడిగినా ఒకటే సలహా. నెట్‌వర్కింగ్ చెయ్యమన్నారు. మావారు కూర్చోబెట్టి లింక్డిన్ ఖాతా తెరిపించారు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక అక్క, ముక్కూ మొహం తెలియనివాళ్లకైనా సరే మెసేజి పెట్టెయ్యమంది. పెట్టాను. రెండు నెలల్లో నలభై మూడు మెసేజీలు. అన్నిట్లోనూ ఒకటే సంగతి: నాకు పన్నెండేళ్ల గ్యాప్ వచ్చింది, ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి. జవాబు ఇద్దరే ఇచ్చారు. వాళ్లలో ఒకరు ఏదో కోర్సు అమ్మాలని చూశారు.

అలా నీరసపడి ఉన్న రోజుల్లో మా పెద్దవాడికి బడిలో ఎవరైనా ఒక గణిత శాస్త్రవేత్త గురించి రాసుకు రమ్మన్నారు. రామానుజన్ గురించి రాయరా అన్నాను. వాడికి చెప్పాలి కదా అని లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి నేను మొదలుపెట్టాను. చిన్నప్పుడు చదివిన కథే. పేదవాడు, మేధావి, హార్డీకి ఉత్తరం రాశాడు, కేంబ్రిడ్జి వెళ్లాడు, చిన్న వయసులోనే పోయాడు. అయితే మధ్యలో ఒక చోట నెల్లూరు అన్న పేరు కనిపించి ఆగిపోయాను. ఆ పేరు పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఈసారి నాకు కనిపించింది సూత్రాలు కాదు, మనుషులు. ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకొకరి దగ్గరికి నడిచిన కుర్రవాడు. ఆ కథే మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

విశాఖపట్నం, నెల్లూరు

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట్లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుళ్లో భజనలు పాడేది. ఇంటి ఖర్చుల కోసం కాలేజీ కుర్రాళ్లను అద్దెకు పెట్టుకునేవారు. హైస్కూలు చివరిలో ఆయన చేతికి కార్ అనే ఇంగ్లీషాయన రాసిన పుస్తకం ఒకటి వచ్చింది. వేల కొద్దీ ఫలితాలు వరసగా ఉంటాయి, నిరూపణలు మాత్రం దాదాపు ఉండవు. ఆ పుస్తకమే ఆయనకు గురువైంది. మంచికీ చెడుకీ కూడా. జవాబు రాసి, దారి రాయకుండా వదిలేసే అలవాటు అక్కడే పట్టుకుంది.

1904లో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరారు. లెక్కలు తప్ప మిగతావేవీ చదవలేదు. ఇంగ్లీషు తప్పారు, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి వచ్చేసింది ఎక్కడికో తెలుసా? మన విశాఖపట్నానికి. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. చేతిలో సిఫారసు లేదు, చేరడానికి చోటు లేదు. కొన్నాళ్లకు మళ్లీ ఇంటి దారే పట్టారు.

ఆ తర్వాత మద్రాసులో పచ్చయప్ప కాలేజీ. అక్కడా ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పారు. ఇక డిగ్రీ ఆశ పోయింది. 1909లో జానకితో పెళ్లయింది. ఆమెకు పదేళ్లు. ఇక ఏదో ఒక సంపాదన చూసుకోక తప్పలేదు. ఆయన దగ్గరున్న ఆస్తల్లా నోటు పుస్తకాలు. చంకలో అవి పెట్టుకుని ఒక్కొక్కరి గుమ్మం ఎక్కడం మొదలుపెట్టారు.

విశాఖ వచ్చిన అయిదేళ్లకు, 1910 డిసెంబరులో, ఆయన నెల్లూరు వచ్చారు. ఈసారి నోటు పుస్తకంతో పాటు ఒక సిఫారసు చీటీ కూడా ఉంది. ఒకే మనిషి, రెండు తెలుగు ఊళ్లు. మొదటిసారి ఒట్టి చేతులతో తిరిగి వెళ్లిపోయారు. రెండోసారి వెళ్లేటప్పుడు ఆయన బతుకు ఒక దారిన పడింది. మధ్యలో జరిగిందేమిటి?

ఒకరి నుంచి ఒకరికి

1907లో వి. రామస్వామి అయ్యర్ అనే డిప్యూటీ కలెక్టరు లెక్కల మీద ఇష్టమున్న ఓ ఇరవై మందిని కూడగట్టి ఒక సంఘం పెట్టారు. అదే తర్వాత ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. విదేశీ గణిత పత్రికలు కొనే స్తోమత ఒక్కొక్కరికీ లేదు. అందుకని తలా కొంత వేసుకుని తెప్పించి, పోస్టులో ఒకరి తర్వాత ఒకరికి పంపుకునేవారు. ఈ కాలపు వాట్సాప్ గ్రూపులాంటిదే అనుకోండి. కాకపోతే గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు ఉండవు.

1910లో రామానుజన్ ఆ రామస్వామి అయ్యర్‌ను వెతుక్కుంటూ తిరుక్కోయిలూరు వెళ్లారు. అడిగింది తాలూకా ఆఫీసులో చిన్న గుమాస్తా పని. అయ్యర్ నోటు పుస్తకం తిరగేశారు. ఇంతటివాడిని రెవిన్యూ కాగితాల కింద పాతిపెట్టడం పాపమనిపించింది ఆయనకు. ఉద్యోగం ఇవ్వలేదు. అలాగని ఉత్త చేతులతోనూ పంపలేదు. మద్రాసులోని స్నేహితులకు ఉత్తరాలు రాసిచ్చారు.

వాళ్లలో పి.వి. శేషు అయ్యర్ ఒకరు. కుంభకోణం కాలేజీలో రామానుజన్‌కు లెక్కలు చెప్పిన మేష్టారే. ఆయన చేతనైనంత చేసి, చివరికి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారికి చీటీ రాసిచ్చారు. రామచంద్రరావుకు కలెక్టరు పనితో పాటు లెక్కల పిచ్చి కూడా ఉంది. ఆ సంఘంలో ముఖ్యులు.

అలా నెల్లూరు. మాసిన బట్టలు, గీసుకోని గడ్డం, చంకలో నలిగిన పుస్తకం. కలెక్టరు గారు మొదట నమ్మలేదు. చెప్పేది గొప్ప సంగతో వట్టి గారడీయో తేల్చుకోలేకపోయారు. రామానుజన్ తొందరపడలేదు. మళ్లీ వచ్చినప్పుడు తేలికైన ఫలితాలు చూపించారు, తర్వాత ఇంకొంచెం కష్టమైనవి, మెట్టు మెట్టుగా. అప్పుడు కలెక్టరుకు అర్థమైంది, తన ఎదుట కూర్చున్నవాడు తనను దాటిపోయాడని. ఏం కావాలని అడిగితే, పని చేసుకునేందుకు తిండికి లోటు లేకుండా ఉంటే చాలన్నది ఆయన జవాబు. ఇలాంటివాడు నెల్లూరులాంటి చిన్న ఊళ్లో తాలూకా కాగితాలు రాస్తూ ఉండిపోవడం అన్యాయమని తలచి, మద్రాసుకే తిప్పి పంపారు రామచంద్రరావు. నెలకు పాతిక రూపాయలు తన సొంత డబ్బు పంపే ఏర్పాటు చేశారు.

చిన్నప్పుడు కలెక్టరాఫీసు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లి ఉంటానో లెక్కలేదు. ఈ సంగతి మాకు ఏ మేష్టారూ చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ గొలుసులో ముందు కనిపించే మనుషులు చాలావరకు ఆయన కులానికి, భాషకు, కాలేజీకి దగ్గరివాళ్లే. ఆ తలుపులు ఆయనకు తెరుచుకున్నట్టు ఆ రోజుల్లో అందరికీ తెరుచుకునేవి కావు. ఎందరి నోటు పుస్తకాలు గుమ్మం దాకా కూడా రాలేదో. మన విదేశీ తెలుగు గ్రూపులకూ ఈ మాట తగులుతుంది. మా ఊరు, మా కాలేజీ, మావాళ్లు అంటూ మొదలవడం సహజమే. రామానుజన్ కథ అక్కడే ఆగిపోయి ఉంటే మాత్రం మనం ఇప్పుడు చెప్పుకునేవాళ్లం కాదు.

జవాబు రాని ప్రశ్న, జవాబు రాని ఉత్తరాలు

1911లో ఆ సంఘం పత్రికలో రామానుజన్ ఒక ప్రశ్న వేశారు. వర్గమూలం లోపల వర్గమూలం, దాని లోపల ఇంకొకటి, అలా అంతం లేకుండా సాగిపోయే మాట ఒకటి ఇచ్చి విలువ కనుక్కోమన్నారు. మూడు సంచికలు వచ్చాయి, ఆరు నెలలు గడిచాయి. ఒక్కరూ జవాబు పంపలేదు. చివరికి ఆయనే చెప్పారు. జవాబు 3. అదే ఏడాది బెర్నౌలీ సంఖ్యల మీద ఆయన మొదటి పెద్ద వ్యాసం ఆ పత్రికలోనే అచ్చయింది. ఆయన రాసే పద్ధతి ఎవరికీ అర్థం కాక, సంపాదకుడు తిరగరాయమని మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చింది.

ఊరికే ఒకరి డబ్బు తినడం ఆయనకు మనస్కరించలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్ఫై రూపాయల మీద లెక్కల గుమాస్తాగా చేరారు. ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ సిఫారసు రాశారు. అక్కడ పైఅధికారి ఎస్. నారాయణ అయ్యర్ కూడా ఆ సంఘం మనిషే. సాయంత్రాలు ఇద్దరూ పలకలు ముందేసుకుని లెక్కలు చేసుకునేవారు. రామానుజన్ పది మెట్లు రెండు మెట్లలో దూకేస్తుంటే, ఎదుటివాళ్లు అందుకోలేరు, విడమరిచి రాయమని ఆయన పట్టుపట్టేవారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అందరికన్నా పెద్ద సాయం అదే. చూపించుకోవడం చేతగాని మనిషికి చూపించుకోవడం నేర్పడం.

నారాయణ అయ్యర్ పోర్టు ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ చెవిన వేశారు. ఇంజనీరింగ్ కాలేజీలో గ్రిఫిత్ అనే ఆచార్యుడు లండన్‌లో తన గురువు హిల్‌కు రాశారు. హిల్ తప్పులు ఎత్తిచూపుతూనే చదవాల్సిన పుస్తకం పేరు చెప్పారు. తలుపు తియ్యలేదు గానీ, మొహం మీద వెయ్యనూ లేదు.

తర్వాత రామానుజన్ స్వయంగా కేంబ్రిడ్జిలోని పెద్దలకు రాయడం మొదలుపెట్టారు. బేకర్, హాబ్సన్, ఇద్దరూ పేరున్న ఆచార్యులు. వాళ్ల దగ్గర్నుంచి ఏ సాయమూ రాలేదు. మూడో ఉత్తరం 1913 జనవరి 16న, ట్రినిటీ కాలేజీలో ఉన్న జి.హెచ్. హార్డీకి. హార్డీకి అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. రామానుజన్ ఆయన పేరు ఊరికే ఎంచుకోలేదు. హార్డీ రాసిన ఒక పుస్తకంలో, ప్రధాన సంఖ్యలకు సంబంధించి ఫలానా విషయం ఇంకా ఎవరూ కనుక్కోలేదన్న మాట చూశారు. నేను కనుక్కున్నాను అని రాశారు. ఆ ఒక్క విషయంలో ఆయన పూర్తిగా ఒప్పు కాదని తర్వాత తేలింది. కానీ ఉత్తరం వెంట వెళ్లిన కాగితాల నిండా ఉన్న ఫలితాలు హార్డీని నిద్రపోనివ్వలేదు. సాయంత్రం లిటిల్‌వుడ్‌ను కూర్చోబెట్టుకుని ఇద్దరూ వాటిని పరీక్షించారు. కొన్ని తెలిసినవే, కొన్ని తప్పు, కొన్ని వాళ్లు ఎన్నడూ చూడనివి.

ఇది చదివినప్పుడు నా నలభై మూడు మెసేజీలు కళ్లముందు కదిలాయి. నేను రాసినవాళ్లు ఏం పని చేస్తారో నేను చూడలేదు. వాళ్లు రాసిందేదీ చదవలేదు. నేను చేసిన పని ఒక్కటీ వాళ్లకు చూపలేదు. చెప్పిందల్లా నా గ్యాప్ గురించే.

దారులన్నీ కలిసిన నెలలు

హార్డీ ఫిబ్రవరి 8న జవాబు రాశారు. మెచ్చుకుంటూనే నిరూపణలు పంపమన్నారు. దానికి రామానుజన్ పంపిన రెండో ఉత్తరంలో చాలా సూటిగా ఒక కోరిక ఉంది. నా పనికి విలువుందని మీరు ఒక ఉత్తరం రాస్తే ఇక్కడ నాకు స్కాలర్‌షిప్ దొరుకుతుంది, కడుపు నిండితేనే బుర్ర పనిచేస్తుంది అన్న సారాంశం. బతుకు మార్చెయ్యమని కాదు, ఆయన చేతిలో ఉన్న ఒక పని చేసిపెట్టమని.

రామానుజన్ ఎవరిని ఏం అడిగారో ఒకసారి వరసగా చూడండి. డిప్యూటీ కలెక్టరును గుమాస్తా పని అడిగారు. కలెక్టరును తిండి ఖర్చు అడిగారు. హార్డీని ఒక అభిప్రాయం అడిగారు. ఎవరు ఏది ఇవ్వగలరో అదే.

అదే నెలలో వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చారు. ఆయనా ఒకప్పుడు ట్రినిటీలో గణితం చేసినవారే. స్ప్రింగ్ ఆయనకు నోటు పుస్తకాలు చూపించారు. ఇది నా శాఖ కాదని వాకర్ ఒప్పుకున్నారు, అయినా విశ్వవిద్యాలయానికి గట్టిగా ఉత్తరం రాశారు. డిగ్రీ కూడా లేని మనిషికి మద్రాసు విశ్వవిద్యాలయం నిబంధన పక్కన పెట్టి నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం ఇచ్చింది. 1913 మే నుంచి ఆయన పూర్తికాలం లెక్కల మనిషి.

ఇంగ్లండు రమ్మంటే మొదట ఒప్పుకోలేదు. సముద్రం దాటితే ఆచారం పోతుందన్న భయం, తల్లి అభ్యంతరం. ఏడాది తిరిగేసరికి తల్లికి కలలో నామగిరి అమ్మవారు అనుమతి ఇచ్చిందని ఇంట్లో చెప్పుకున్నారు. 1914 జనవరిలో కేంబ్రిడ్జి నుంచి నెవిల్ అనే యువ గణితవేత్త ఉపన్యాసాలకు మద్రాసు వచ్చారు. హార్డీ ఉత్తరాలు చెయ్యలేని పని నెవిల్ ఎదురుగా కూర్చుని చేశారు. భయాలన్నీ ఓపిగ్గా విన్నారు, విశ్వవిద్యాలయంతో మాట్లాడి ఏడాదికి 250 పౌండ్ల వేతనం ఇప్పించారు. అందులో 50 పౌండ్లు కుంభకోణంలో తల్లిదండ్రులకు వెళ్లేలా రామానుజన్ ఏర్పాటు చేసుకున్నారు. మార్చి 17న ఓడ ఎక్కి, ఏప్రిల్ 14న లండన్‌లో దిగారు. రేవు దగ్గర నెవిల్ కారు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆన్‌లైనా, ఎదురుపడి కలవడమా అని మనం వాదించుకుంటాం. ఈ కథలో ఉత్తరం నమ్మకం పుట్టించింది, మనిషి వచ్చి భయం పోగొట్టాడు. రెండూ కావాల్సి వచ్చాయి.

అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు

ఇక్కడిదాకా చదివి సంతోషపడ్డాను. తర్వాతి భాగం చదివేటప్పుడు మనసు భారమైంది. మనలా దేశం దాటి వచ్చినవాళ్లకు అది బాగా అర్థమవుతుంది.

వచ్చిన నాలుగు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం. లిటిల్‌వుడ్ సైన్యానికి వెళ్లిపోయారు. కాలేజీ సగం ఖాళీ. హార్డీతో పని మాత్రం అద్భుతంగా సాగింది. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తంగా ఎన్ని విధాలుగా రాయవచ్చో లెక్కకట్టే సూత్రం ఆ ఇద్దరి పేర్ల మీద నిలిచింది. 1916లో పరిశోధనకు గాను కేంబ్రిడ్జి డిగ్రీ ఇచ్చింది. ఎఫ్.ఏ. తప్పిన మనిషికి.

కానీ రామానుజన్ శాకాహారి, అదీ నిష్ఠగా. కాలేజీ భోజనశాలలో తినేవారు కాదు. గదిలో ఒక్కరే వండుకునేవారు. పనిలో పడితే వంట మానేసేవారు. యుద్ధం వల్ల కూరగాయలు కూడా సరిగా దొరికేవి కావు. అక్కడే చదువుకుంటున్న మహలనోబిస్ ఒక రోజు గదికి వెళ్తే, రాత్రి చలికి కోటు తొడుక్కుని పడుకుంటున్నానని చెప్పారట. చూస్తే దుప్పట్లు పరుపు కింద నీటుగా మడిచి ఉన్నాయి. వాటి లోపల దూరి పడుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో హీటర్ టైమరు తిప్పడం తెలియక వణికిన రాత్రి గుర్తొచ్చింది. పక్కింటి పంజాబీ ఆంటీ వచ్చి చూపించింది.

ఒకసారి ఇద్దరు ముగ్గురు మిత్రులను భోజనానికి పిలిచి స్వయంగా వండారు. రసం రెండోసారి వేసుకున్న ఆడవాళ్లు మూడోసారి వద్దన్నారు. తన వంట నచ్చలేదేమోనని నొచ్చుకుని, చెప్పకుండా బయటికి వెళ్లిపోయారు. కొన్ని రోజులకు ఆక్స్‌ఫర్డ్ నుంచి డబ్బు పంపమని టెలిగ్రాం వచ్చింది. విశాఖకు పారిపోయిన కుర్రవాడే మళ్లీ.

ఇంటి నుంచి ఉత్తరాలు తగ్గిపోయాయి. జానకి రాసినవి అత్తగారు పంపనివ్వలేదని తర్వాత తెలిసింది. హార్డీ మంచి మనిషే. ఆయన కోసం ఎంతో పాటుపడ్డారు. కానీ సొంత విషయాలు అడిగే స్వభావం ఆయనది కాదు. 1917లో రామానుజన్ జబ్బుపడి ఆసుపత్రుల పాలయ్యారు. 1918 మొదట్లో లండన్ భూగర్భ రైలు పట్టాల మీదకు దూకారు. రైలు కొన్ని అడుగుల దూరంలో ఆగింది. పోలీసుల చేతి నుంచి విడిపించింది హార్డీయే. ఆ ఏడాదే రాయల్ సొసైటీ ఫెలో, ట్రినిటీ ఫెలో అయ్యారు. ట్రినిటీలో ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు. లండన్ పట్నీలో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడే, చూడ్డానికి వచ్చిన హార్డీ టాక్సీ నంబరు 1729ని రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయవచ్చని చెప్పింది.

1919లో ఇండియా తిరిగి వచ్చారు. 1920 జనవరిలో హార్డీకి రాసిన చివరి ఉత్తరంలో కూడా కొత్త గణితమే ఉంది. ఆ ఏప్రిల్ 26న మద్రాసులో పోయారు. ముప్ఫై రెండేళ్లు. సముద్రం దాటినవాడని బంధువులు చాలామంది అంత్యక్రియలకు రాలేదు.

ఆయనకు పని పరిచయాల్లో లోటు లేదు. లేనిదల్లా, పొద్దున్నే తలుపు తట్టి అన్నం తిన్నావా అని అడిగే మనిషి.

మిగిలిన గొలుసు

ఆయన పోయాక కూడా ఆ మనుషులు చెయ్యి వదల్లేదు. 1927లో ఆయన వ్యాసాలన్నీ ఒక సంపుటిగా వచ్చాయి. సంపాదకుల్లో హార్డీ పక్కన ఎవరున్నారో చూడండి: కుంభకోణంలో పాఠం చెప్పి, నెల్లూరుకు చీటీ రాసిన శేషు అయ్యర్. అందులో జీవిత విశేషాలు రాసినవారిలో రామచంద్రరావు గారూ ఉన్నారు. పాతిక రూపాయలు ఇచ్చి ఊరుకోలేదన్నమాట.

జానకమ్మ ఇరవై ఒక్క ఏళ్లకే వితంతువైంది. కొద్దిపాటి పింఛను వచ్చేది. కుట్టుపని నేర్చుకుని మద్రాసు ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టి బతికింది. ఒక పిల్లవాడిని పెంచుకుని చదివించింది. తన భర్తకు విగ్రహం పెడతామన్నవాళ్లు పెట్టలేదని ముసలితనంలో ఆమె చెప్పుకున్న బాధ అమెరికాలో ఆస్కీ అనే గణితవేత్త చెవిన పడింది. ప్రపంచం నలుమూలల నుంచి గణితవేత్తలు తలా కొంత వేసుకున్నారు. గ్రాన్‌లండ్ అనే శిల్పి చేసిన కంచు విగ్రహం ఆమె ఇంటికి వచ్చింది. ఆమె 1994 దాకా ఉంది. ఆ గొలుసు చివరికి ఇంటావిడ గుమ్మం దాకా వచ్చిందని తెలిసినప్పుడు కళ్లు చెమర్చాయి.

నేను రామానుజన్‌ను కాను. నా నోటు పుస్తకంలో లోకానికి కొత్తదేమీ లేదు. అయినా మెసేజీలు పంపడం ఆపి, రెండు నెలలు కూర్చుని పాత ల్యాబు పద్ధతులు మళ్లీ చదివాను. ఇప్పుడు మందుల నాణ్యత పరీక్షల్లో ఏం మారిందో నాకోసం నేను నోట్సు రాసుకున్నాను. ఈ చుట్టుపక్కల ఒక ల్యాబులో పనిచేసే ఒకావిడ పరీక్షల్లో వచ్చే పొరపాట్ల గురించి రాసింది చదివి, నా నోట్సులో ఒక పేజీ జోడించి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. ఉద్యోగం మాట ఎత్తలేదు. నాలుగో రోజు జవాబు వచ్చింది. పోయిన వారం లైబ్రరీ పక్కన కాఫీ తాగుతూ గంట మాట్లాడుకున్నాం. తన దగ్గర ఖాళీ లేదంది. ఇంకొకరి పేరు చెప్పి, నా గురించి వాళ్లకు తనే రాస్తానంది.

ఉద్యోగం ఇంకా రాలేదు. వస్తే చెప్తాను. ఈలోపు మా వీధి చివర ఈ నెలలోనే ఒక అమ్మాయి గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి దిగింది. చలికాలం మొదలైంది. నిన్న సాయంత్రం గిన్నెలో పప్పుచారు పోసుకుని వెళ్లి, దుప్పట్లు, హీటరు సంగతి చూసి వచ్చాను. తను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేస్తోందట. నా నోట్సు చూస్తానంది.